ఈ పెట్టె ఎవరిది?

"నువ్వెళ్ళేదెక్కడికమ్మా, నీకు వేరే పెట్టె దేనికి? మా అందరి పెట్టెల్లో తలో మూల సర్దేసుకో" అంది మా అత్తయ్య, నా పెళ్ళైన కొత్తలో ఒక ప్రయాణం ముందు. కోపంగా ఏమీ అనలేదు. ఇంటి పద్ధతి చెప్పినట్టు చెప్పింది. అప్పటినుంచీ నా బట్టలు ఆయన సూట్‌కేసులో చొక్కాల కింద, నా దువ్వెన పిల్లల సంచి పక్క జేబులో, నా మాత్రలు అత్తయ్య శాలువా మడతలో ప్రయాణం చేస్తూ వచ్చాయి. ఊరు చేరాక నన్ను నేను ఏరుకోవాలి. ఇంకో సంగతి చెప్తే మీరు నవ్వుతారు. మాది సూట్‌కేసుల షాపు.

ఆ రోజు కూడా ఆయన పెట్టే సర్దుతున్నాను. కొత్త సరుకు చూడ్డానికి ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నారు. బరువైనవి చక్రాల వైపు, సాక్సులు బూట్ల లోపల, చొక్కాకీ చొక్కాకీ మధ్య పాత పేపరు, చార్జరు చేతికందే జేబులో. అన్నీ పెట్టాక మూత వేసేముందు ఒక్క క్షణం ఆగి చూడ్డం నాకలవాటు. తెరిచిన పెట్టెలో మనిషి కనిపిస్తాడు. గ్యాసు మాత్రలు అన్నిటికన్నా పైన ఉన్నాయంటే బయట తిండి భయం. కొత్త బెల్టు పెట్టమన్నారంటే అక్కడెవరో గొప్పవాళ్ళు కలుస్తారు. నేను చూడకుండా జుట్టు రంగు సీసా బూట్ల కింద దోపారంటే ఆ కలిసేవాళ్ళు చిన్నప్పటి స్నేహితులు. ఆ సీసా చూసి నాలో నేను నవ్వుకుంటుంటే తట్టింది. కరెంటు కొట్టినట్టు తట్టింది. మూత అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

సెలవుల సీజన్ దగ్గరికొస్తోంది. మాకు ఏడాదికి సరిపడా అమ్మకాలు ఆ కాసిని వారాల్లోనే జరగాలి. ఆయన ప్రతి ఏడూ చేసేది ఒకటే. అటక మీంచి 'భారీ తగ్గింపు' బ్యానరు దించుతారు, దులుపుతారు, కడతారు. వీధి చివర మాల్ వచ్చాక ఆ బ్యానరు వాళ్ళకీ ఉంది, మాకన్నా పెద్దది, లైట్లతో. మా షోకేసులో మాత్రం ఖాళీ సూట్‌కేసులు పెద్దదాని మీద చిన్నది, దాని మీద ఇంకా చిన్నది పేర్చి ఉంటాయి. మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. జనం మా అద్దం ముందు ఆగుతారు. జుట్టు సరిచేసుకోవడానికి.

భోజనాల దగ్గర చెప్పాను. "మూసిన పెట్టెలో చూడ్డానికేముందండీ? ఒకటి తెరిచి పెడదాం. లోపల ఎవరిదో ప్రయాణం సర్దిపెడదాం. ముందు ఒక కార్డు. 'ఈ పెట్టె ఎవరిది? ఎక్కడికి వెళ్తోంది?' సరిగ్గా చెప్పినవాళ్ళకి సూట్‌కేసుకి కట్టుకునే బిళ్ళ, వాళ్ళ పేరు అందంగా రాసి ఇద్దాం. రెండ్రోజులకోసారి పెట్టె మారుద్దాం. తర్వాత ఎవరి పెట్టో చూడ్డానికి మళ్ళీ వస్తారు."

"బ్యానరుందిగా" అన్నారాయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"మన బ్యానరు చూసినవాళ్ళకి మాల్ బ్యానరు గుర్తొస్తోంది."

"విన్నావా అమ్మా, బీకామ్ ఫస్ట్ క్లాసు మాట్లాడుతోంది" అన్నారు అత్తయ్యతో. అత్తయ్య నవ్వింది. "బట్టలు మడతపెట్టడం కూడా వ్యాపారమేనా?" అంది. కాసేపటికి ఆయనకే జాలేసినట్టుంది. "సరేలే, నేను ఊళ్ళో లేనప్పుడు సరదా తీర్చుకో. సరుకు నలగకూడదు. కొనేవాళ్ళకి అడ్డం రాకూడదు."

నాకింకేం కావాలి!

మర్నాడు పొద్దున్నే ఇంటి పని ఒక కొలిక్కి తెచ్చి, నా చేతి సంచిలో సగం ఇల్లు కుక్కుకుని వెళ్ళాను. షోకేసులోకి వంగి దూరాలి. లోపల దుమ్ము, ఎండిపోయిన ఈగలు, ఏనాటిదో ధర చీటీ. తుడిచి, మోకాళ్ళ కింద పాత కుషను వేసుకుని కూర్చున్నాను. అద్దం లోపలినుంచి వీధిని చూడ్డం నాకదే మొదటిసారి. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికిచ్చినప్పటిలా, అందులో చదివినవన్నీ వచ్చినప్పటిలా ఉంది. ఒక మెత్తటి శాలువా, దాని పక్కన పాత బట్టలు చింపి ఉతికిన తెల్లటి గుడ్డముక్కలు, దారం కట్టిన కళ్ళజోడు, సగం అల్లిన బుల్లి స్వెట్టరు, సూదులు దానికే గుచ్చి. మూలన మోకాళ్ళ నూనె. అంతే. కార్డు పెట్టి బయటికొచ్చి, వీధి అవతలికి వెళ్ళి నిలబడి చూశాను.

ముందు ఒక చిన్న పిల్ల ఆగింది. పిల్ల చెయ్యి లాగితే వాళ్ళమ్మ ఆగింది. ఆమెకి అడ్డం తగిలి వెనకాల ఇద్దరు ఆగారు. "హాస్పిటల్‌కేమో" అని ఒకరు. "స్వెట్టరు అంత బుల్లిది చూడండి, మనవడు పుట్టబోతున్నాడు" అని ఒకరు. వాదించుకుంటున్నారు! ముక్కూ మొహం తెలీనివాళ్ళు మా అద్దం ముందు వాదించుకుంటున్నారు! రోడ్డు మధ్యలో గట్టిగా అరవాలనిపించింది.

సాయంత్రం పెట్టె సంగతి విని అత్తయ్య అడిగింది, ఏదో మాట వరసకన్నట్టు. "మోకాళ్ళ నూనె పెట్టావా?"

"పెట్టానత్తయ్యా."

"సీసా కవర్లో చుట్టావా? మూత కారితే శాలువా పాడైపోతుంది."

మర్నాడు నాతో పాటు తనే బయల్దేరింది. అద్దం ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, ఆగిన ప్రతివాళ్ళకీ "కూతురి కాన్పుకి వెళ్తున్న తల్లి పెట్టె. ఆ మాత్రం తెలీదూ?" అని చెప్పేసింది. ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ బిళ్ళలు రాయలేక నా చెయ్యి పడిపోయింది. అయినా అంత సంతోషం నేనెప్పుడు పడ్డానో గుర్తులేదు.

తర్వాత కొత్త జంట పెట్టె. ఒకే పేస్టు, రెండు బ్రష్షులు, ఇంకా ధర చీటీ తెంపని రాత్రి బట్టలు, ముప్పాతిక భాగం ఆమెవే, అతనివి అంచుల్లో. నవ్వని మనిషి లేడు. ఆ తర్వాత ఒక పెద్దాయన పెట్టె సర్దాను. చొక్కాలు చేతకాని మడతలు, అరిగిన చెప్పులు, రేడియో, ఒక గుండీల పొట్లం, దానికి గుచ్చిన సూది, సూదిలో ముందే ఎక్కించిన దారం. ఒకాయన చాలాసేపు దాని ముందే నిలబడి, లోపలికొచ్చాడు.

"భార్య పోయాక మొదటిసారి ఒక్కడే వెళ్తున్నాడు. కదమ్మా?"

తలూపి, బిళ్ళ తీసుకుని మీ పేరు చెప్పండన్నాను. ఆయన వాళ్ళావిడ పేరు చెప్పాడు.

ఎగ్జిబిషన్ నుంచి వచ్చినరోజు మావారు షాపు ముందు గుంపు చూసి దొంగలు పడ్డారనుకుని పరిగెత్తుకొచ్చారు. సంగతి తెలిశాక మొహం వెలిగిపోయింది. నేను షోకేసులో నోట్లో గుండుసూదులు పట్టుకుని కూర్చునే ఉన్నాను. పక్కన బేకరీ ఆయన మెచ్చుకుంటున్నాడు. "బ్రహ్మాండమండీ! ఎలా వచ్చిందసలు ఆలోచన?" మావారు కాలరు సర్దుకున్నారు. "అలా తడుతుంటాయండీ మనకి. మా ఆవిడ మడతలు బాగా పెడుతుంది, అందుకని తనకి అప్పజెప్పా." నోట్లో సూదులున్నాయి. ఉన్నా లేకపోయినా ఏం అనేదాన్నో తెలీదు.

అయినా ఆ మాట నన్ను ఆపలేదు. షాపులో కూర్చోడానికి స్టూలు దొరకట్లేదు. పెట్టె మార్చే రోజు తెలుసుకుని మరీ వస్తున్నారు. మాల్ సంచులు చేతిలో పట్టుకుని మా అద్దం ముందు నిలబడుతున్నారు. కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా నా కళ్ళ ముందు పెట్టెలే. హాస్టల్‌కి వెళ్ళే పిల్ల పెట్టె, పోటీకి వెళ్ళే ఈతగాడి పెట్టె. ఈ బుర్ర ఇన్నేళ్ళూ ఎక్కడుంది? ఉందిలెండి. ఎవరికి ఎంత వేడి నీళ్ళు కావాలో, ఎవరి చొక్కాకి ఏ గుండీ వదులైందో గుర్తుపెట్టుకుంటూ ఇక్కడే ఉంది.

వ్యాపారుల సంఘం మీటింగు నుంచి ఆయన పూలగుచ్ఛంతో వచ్చారు. "నీళ్ళలో పెట్టు" అని నా చేతికిచ్చి సోఫాలో కూలబడ్డారు. "నన్ను స్టేజీ మీదికి పిలిచారు తెలుసా! సెలవులయ్యేదాకా వీధిలో షోకేసులన్నీ మనవే. బేకరీ, చెప్పుల షాపు, బొమ్మల షాపు, ఎదురుగా ఆ కళ్ళద్దాల షాపావిడ. అందరికీ మాటిచ్చేశాను."

"చేసేది ఎవరు?"

"నువ్వే! ఇష్టమేగా నీకు? ఇంట్లో ఖాళీగా ఉండేకంటే..."

పూలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. నిజం చెప్తున్నాను, కోపం కన్నా ముందు ఆలోచనలు వచ్చాయి. ఆపినా ఆగలేదు. చెప్పుల షాపు ముందు పేవ్‌మెంటు మీద అడుగుల ముద్రలు వెయ్యాలి, తాతవి పెద్దవి, మనవరాలివి చిన్నవి, పక్కపక్కనే గుమ్మందాకా. బేకరీ అద్దంలో ఒక్క కేకు, ఒక ముక్క మాయం, 'ఎవరు తిన్నారు?' కళ్ళద్దాల షాపులో అంతా మసక, ఒక్క కళ్ళజోడు వెనక మాత్రం అక్షరాలు స్పష్టంగా. నీళ్ళు నిండి గ్లాసు పొర్లిపోతోంది. కుళాయి కట్టేశాను. ఈ ఆలోచనలన్నీ రేపు ఆయన నోట్లోంచి 'అలా తడుతుంటాయండీ' అంటూ బయటికొస్తాయి. ఇంకో గుచ్ఛం వస్తుంది. నీళ్ళలో పెట్టమంటారు. కోపం అప్పుడొచ్చింది. వేడిగా కాదు, శుభ్రంగా, తుడిచిన అద్దంలా వచ్చింది.

హాల్లోకి వచ్చి చెప్పాను. "రేపు పెట్టె మార్చాలి. నేను రానండీ. మీరే సర్దండి. ఆలోచన మీదేగా."

"అదెంత పని! పెట్టెల్లోనే పుట్టి పెరిగినవాణ్ణి" అన్నారాయన.

పుట్టి పెరిగారు. అమ్మారు, కొన్నారు, జిప్పులు బాగుచేయించారు. ఒక్కనాడైనా ఒక్క పెట్టె సర్దింది లేదు. ఆ సంగతి ఆయనకి అప్పటికింకా తెలీదు.

మర్నాడు ఫోన్లు మొదలయ్యాయి. "చొక్కా చేతులు వెనక్కి మడవాలా, ముందుకా?" "సాక్సు ఒకటే వచ్చింది, రెండోది ఎక్కడుంటుంది మనింట్లో?" నేను పేపరు చదువుతూ "చూసి నేర్చుకోండి" అన్నాను. అత్తయ్య వింటూనే ఉంది.

మధ్యాహ్నం కళ్ళద్దాల షాపావిడ ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "బిజినెస్‌మేన్ పెట్టెట! తెల్లచొక్కా మీద బాత్‌రూమ్ చెప్పులు పెట్టాడమ్మా! ఇస్త్రీపెట్టె, బోలెడు చార్జర్లు, ఒంటి సాక్సు. బ్రష్షు లేదు, లోపలి బట్టల్లేవు. 'ఇంట్లోంచి గెంటేసిన మొగుడిది' అని ఒకమ్మాయి అంది. 'చార్జర్ల దొంగది' అని ఇంకొకడు!" నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. అప్పుడావిడ గొంతు మార్చింది. "అద్దంలో ఇవాళ నువ్వు లేవని చత్వారం ఉన్నవాళ్ళకి కూడా కనపడుతోంది. ఇన్నాళ్ళూ మోకాళ్ళ మీద నువ్వు సర్దుతుంటే ఎదురుగా కూర్చుని చూశాను. నా షోకేసు నువ్వు చెయ్యి. ఏం కావాలో నాతో నువ్వే మాట్లాడు. నీ పనికి డబ్బు నీ చేతికే ఇస్తాను. మీ ఆయన మాటిచ్చిన సంగతి నాకనవసరం."

"రేపొస్తాను" అన్నాను. ఎవర్నీ అడక్కుండా, ఆలోచించి చెప్తాననకుండా.

పొద్దున్నే ఆయనతో పాటే షాపుకి వెళ్ళాను. అత్తయ్య కూడా వచ్చింది. "ఆ పెట్టె తీసెయ్యవే, పరువు పోతోంది" అన్నారాయన మెల్లగా. తీసేశాను. చెప్పులు ఆయన చేతికిచ్చాను. పై అరలో ఒక చిన్న ఆకుపచ్చ సూట్‌కేసు ఉంటుంది, వచ్చిన రోజునుంచీ నా కన్ను దానిమీదే. దించి, తుడిచి, షోకేసులో తెరిచి పెట్టాను. కత్తెర, గుండుసూదుల డబ్బా, దారపుండ, రంగు అట్టలు, మార్కరు పెన్నులు, అద్దం తుడిచే గుడ్డ, మోకాళ్ళ కింది కుషను. పిల్లల సంచీలోంచి తెచ్చుకున్న నా దువ్వెన. నా మాత్రలు. సగం పెట్టె ఇంకా ఖాళీ. ఆ ఖాళీ అలాగే ఉంచాను.

జనం మూగారు. "దర్జీది" అన్నారొకరు. "స్కూలు టీచరుది, ట్రైనింగుకి వెళ్తోంది" అన్నారు మరొకరు. వచ్చినవాళ్ళందరికీ జవాబులు చెప్పేసే మా అత్తయ్య అద్దానికి దగ్గరగా వంగి చూసింది. దువ్వెన మీద ఆగింది ఆమె చూపు. నోరు తెరవబోయి, మూసేసుకుంది. పక్కనున్నావిడ "మీకేమన్నా తెలిసిందా పెద్దమ్మా?" అంటే, "చెప్పేవాళ్ళు చెప్తార్లే" అంది.

ఒకాయన లోపలికొచ్చి ఆ ఆకుపచ్చదాని ధర అడిగాడు. మావారు చెప్పబోయేంతలో "అది అమ్మకానికి లేదండీ" అన్నాను. ధర చీటీ తెంపి గల్లాపెట్టె మీద పెట్టాను, నా మొదటి సంపాదనలోంచి ఇస్తానని చెప్పి. పెట్టె మూత వేశాను. జిప్పు ఎక్కడా పట్టకుండా చుట్టూ తిరిగొచ్చింది. పిడి లాగి, షోకేసులోంచి దించి, షాపు మధ్యనుంచి చక్రాల మీద నడిపించుకుంటూ గుమ్మం దాకా వచ్చాను.

"అదేంటి, ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పందే మూసేస్తావేంటి?" మావారు కౌంటరు వెనకనుంచి లేచారు. ఆయన మొహంలో మొదటిసారి నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రం. "ఎవరిదది? ఎక్కడికి?"

"నాదండీ" అన్నాను. "ఎదురు షాపుకి."