రేణుక పేరుకు పలికిన పొద్దు

"బిడ్డా, ఒగల పేరుకు ఇంకొగలు పలుకుడు మంచిది కాదే. పోయి పోయి ఏ సచ్చినామె పేరుకో పలుకుతవేమోనని నా పానం కొట్టుకుంటాంది" అన్నది ముత్తవ్వ.

అఖిల చెప్పులేసుకుంట నవ్వింది. "పొద్దుగాల లేస్తే నీకు సావులే యాదికొస్తయా అవ్వా? రేణుకక్క కోరుట్ల దవాఖాన్ల మంచిగనే ఉన్నది. నిన్ననే ఫోన్ల మాట్లాడిన. జెర దమ్ము ఎగవోసుడు తగ్గితే వచ్చేస్తది."

"దమ్ము సంగతి నీకేమెరుక? మా చిన్నాయిన గూడ గట్లనే నవ్వుకుంట నవ్వుకుంట..."

"అగో, మొదలువెట్టింది" అనుకుంట అఖిల బండెక్కి పోయింది.

సిరిసిల్లల ఇండ్లు లేనోళ్ల కోసం కొట్లాడే సంఘంల తల్లీబిడ్డలిద్దరూ పనిచేస్తరు. అఖిల వాడవాడ తిరుగుతది. ముత్తవ్వ ఆఫీసు ఊడ్చి చాయ్ పెడ్తది. సంఘం కొట్లాడంగ కొట్లాడంగ బోయినపల్లి తొవ్వల డబుల్ బెడ్రూం ఇండ్లు వచ్చినయి. వచ్చినయి గని, తనిఖీ నాడు తాళం కనవడితే ఆ ఇల్లు వాపస్ అన్నరు. తనిఖీ సార్లు వచ్చేది పగటీలి. పగటీలి ఆడోళ్లు బట్ట నేసే సాంచల కాడనో బీడీ కార్ఖానల్లనో ఉంటరాయె. అందుకే సంఘం పెద్ద లక్ష్మీరాజం ఒక ఉపాయం చేసిండు. ఇంటామె లేకుంటే ఆ ఇంట్ల సంఘం మనిషి కూసుంటది. సారు గడప ముంగట నిలవడి పేరు పిలిస్తే "ఉన్న" అంటది. గంతే. ఇయ్యాల రేణుక ఇంట్ల కూసునే వంతు అఖిలది.

రేణుకకు మొగడు లేడు, శ్రావణి ఒక్కతే బిడ్డ. ఆఫీసుకు వచ్చినప్పుడల్లా "అక్కా, జెర చాయ్ పొయ్యవా" అని ముత్తవ్వ పక్కకు చేరేది. మాట మాట్లాడుకుంటనే వేళ్లు ఆడిచ్చేది, ఒడిల చాట లేకున్నా బీడీలు చుట్టినట్టే.

"నిద్రల గూడ చుడ్తవా ఏంది?" అని ముత్తవ్వ ఎక్కిరిస్తే, "నిద్రల చుట్టినయి సేటు లెక్కల పట్టడక్కా" అని దగ్గుకుంట నవ్వేది.

ఆ మాపటీలి ముత్తవ్వ చాయ్ వడపోస్తాంటే లక్ష్మీరాజంకు శ్రావణి ఫోన్ చేసింది. విన్నంతసేపు విని ఆయన కుర్చీల కూలవడ్డడు.

"రేణుక పొద్దుగాలనే పోయిందట ముత్తవ్వా. పిల్లకు నోరు రాక ఇప్పుడు చెప్తాంది."

"మరి సారు పేరు పిలిచినప్పుడు?"

"అప్పటికే పోయింది."

ముత్తవ్వ చాయ్ గిన్నె కింద పెట్టింది. వాళ్ల వాడకట్టుల మనిషి పోతే, మట్టి అయ్యేదాక పేరు పెట్టి పిలువరు. పిలిస్తే పోయేటోళ్లు మర్లి చూస్తరంటరు. పిలుసుడే తప్పయితే, ఆ పేరుకు ఆ ఇంట్లనే కూసోని పలికిన తన బిడ్డ గతేంది?

అఖిలకు ఫోన్ చేసింది, ఎత్తలేదు. మల్ల చేసినా ఎత్తలేదు. సంఘంల ఫొటోలు తీసే వేణు బండి తీసిండు.

"సైలెంట్ల పెట్టి పండుకున్నదేమో అత్తా. నీ భయానికి నా బండి గూడ వణుకుతాంది" అన్నడు.

పొద్దు గూకుతాంది. అన్ని ఒక్కతీరు ఇండ్లు, ఒక్కతీరు నీలం తలుపులు. సగం ఇండ్లల్లకు ఇంకా ఎవలూ దిగలేదు. రేణుక ఇంటి తలుపు బార్ల తెరిచి ఉన్నది. నట్టింట్ల అఖిల గోడకు ఒరిగి కూసున్నది. తల ఎత్తలేదు. ఒడిల ఏం లేదు. వేళ్లు మాత్రం ఆడుతున్నయి. ఆకు పరుసుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, కొన మడుసుడు. ముత్తవ్వ తన బిడ్డను బీడీ చాట ఎన్నడూ ముట్టనియ్యలేదు.

"అఖిలా."

పలుకలేదు.

"బిడ్డా, నేనే."

వేళ్లు ఆగలేదు. అఖిల గొంతుల నుంచి ఎండుదగ్గు ఒకటి వచ్చింది. ముత్తవ్వకు ఎరుకైన దగ్గే. వేణు గడప కాడి నుంచి ఎనుకకు జరిగిండు.

చీకట్ల పిల్లి ఉరికినా జడుసుకునే ముత్తవ్వ, గడప దాటి పోయి బిడ్డ ముంగట కూసున్నది. పేరు పెట్టి పిలువలేదు.

"శ్రావణిని కన్నతల్లీ" అన్నది. "నువ్వెందుకు మర్లినవో నాకెరుకే. ఇల్లు గుంజుకుంటరని, నీ పిల్ల రోడ్డు మీద పడ్తదని. నీదీ నాదీ ఒక్కటే భయం. విను. గీ ఇల్లు నీ బిడ్డ పేరు మీద అయ్యేదాక నేనే వచ్చి గీ గడపల కూసుంట. తాళం పడనియ్య. ఒగల పేరుకు పలుక. తల్లి పోయిందని, పిల్ల ఉన్నదని ఉన్నదున్నట్టు చెప్త, ఏ సారన్న రానీ. నీ బిడ్డను నా బిడ్డ తీరు చూసుకుంట. నా బిడ్డను నాకియ్యి."

బయట వేణు ఫోన్ మోగి ఆగింది. ఇంట్ల వెలుగు మెల్లగ తగ్గుకుంట పోయింది. ముత్తవ్వ కదలలేదు. అఖిల వేళ్లు ఆఖరి కొన ఒకటి మడిచి, లేని బీడీని పైలంగ బండ మీద పెట్టి, ఆగినయి. ఇగ దగ్గు గూడ లేదు. ఊపిరి గూడ వినవడ్తలేదు.

పుట్టినకాడి నుంచి తనను "అవ్వా" తప్ప ఇంకో తీరు పిలువని బిడ్డ, అప్పుడు పెదవి కదిలిచ్చింది.

"మంచిదక్కా."