చేతులొదిలిన స్టీరింగు

ప్రభుదాసు కారు కింద వెల్లకిలా పడుకుని, కుడిపక్క కమాను పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య ఇనపచీలికను సుత్తితో నెమ్మదిగా లోపలికి కొడుతున్నాడు. మూడు దెబ్బలు కొట్టి బయటికి జరిగాడు. దారానికి కట్టిన నట్టును చక్రం పక్కన వేలాడదీసి, అది ఊగడం మానేదాకా ఒక కన్ను మూసుకుని చూశాడు.

“ఇంకో నూలు మందం వెనక్కి వాలాలి,” అని తనకి తనే చెప్పుకుని మళ్ళీ కిందికి దూరాడు.

అరవయ్యేడేళ్ళ మనిషి, బక్కపలచన. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో జాకీ కింద నలిగింది, అప్పట్నించీ నల్లగానే పెరుగుతోంది. అరచేతి గీతల్లోకి గ్రీజు ఎంతలా దిగిపోయిందంటే, జాతకం చెప్పేవాడు చూస్తే దక్షిణ కూడా అడక్కుండా లేచిపోతాడు. ఏలూరు పవరుపేట స్టేషను వెనక రేకుల షెడ్డులో నలభయ్యేళ్ళుగా వచ్చిన ప్రతి బండికీ ముందు చక్రాలే చూశాడు. ఇంజను జోలికి పోడు. ఇంజను బండిని కదిలిస్తుంది, అందులో వింతేముంది? కదిలిన బండి తిన్నగా ఎందుకు పోతుందన్నదే అతని గోల.

ఆ గోల భీమడోలులో మొదలైంది. పదకొండో ఏట సైకిలు షాపులో పనికి కుదిరి, కాలవగట్టు మీద చేతులొదిలి తొక్కడం నేర్చాడు. ఎవరూ పట్టుకోకపోయినా హ్యాండిల్ ఎందుకు తిన్నగా ఉంటుందని కనబడినవాళ్ళందర్నీ అడిగాడు. పాస్టరుగారు దేవుడి దయన్నారు. షాపు యజమాని సుబ్బారావు ‘నీ ఒళ్ళు కొవ్వు’ అన్నాడు. రెండూ నచ్చక, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు తీసేసి, వంపు ఎక్కువున్నది బిగించి తొక్కి చూశాడు. చేతులొదలగానే సైకిలు తాగినవాడిలా తూలి కాలవలో పడింది. సుబ్బారావు వీపు విమానం మోత మోగించాడు. ఆ మంట నాలుగు రోజుల్లో తగ్గింది కానీ, అనుమానం మాత్రం యాభయ్యారేళ్ళయినా తగ్గలేదు.

ఇప్పుడు పైనున్న కారు రాజకుమార్‌ది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం వాళ్ళది. తాత పట్టాభిరామయ్య ఎప్పుడో పాతదిగా కొన్న, ఎనభయ్యేళ్ళు దాటిన కారుని మనవడు విదేశీ షోకుతో హాట్ రాడ్ చేయిస్తున్నాడు. మడ్‌గార్డులు పీకించాడు, ఇంజను మీద మూత తీయించాడు, మూతి నేలకి దించమన్నాడు. మొదటిసారి చూసినప్పుడు ప్రభుదాసు, “ఈకలు పీకిన పందెం పుంజులా ఉందండి,” అన్నాడు. కానీ దాని ముందు యాక్సిల్ వంగిపోయి ఉంది. వేరేది వెయ్యాలనగానే ప్రభుదాసు కళ్ళు మెరిశాయి. ఒక దాని కాళ్ళు ఇంకోదానికి పెడితే ఎలా నడుస్తుంది?

నాలుగు తుక్కు దుకాణాలు తిరిగి, కారు మూతి దిగేందుకు వీలుగా, తయారీలోనే నడుము కిందికి వంచిన పాత వ్యాను యాక్సిల్ ఒకటి తెచ్చాడు. ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసులు, కింగ్ పిన్నులు, కొత్తవి వేశాడు. మొన్న తిప్పి చూస్తే, చేతులొదలగానే కారు పాము నడక నడిచింది. అందుకే ఈ చీలికలు. దళసరి వైపు వెనక్కి పెట్టి బిగిస్తే, యాక్సిల్ సైకిలు ఫోర్కులా వెనక్కి వాలుతుంది.

పన్నెండింటికి సుగుణ క్యారేజీ తెచ్చింది. మిషను స్కూల్లో ఆయాగా చేసి రిటైరైన మనిషి, మొగుడి మొహం రంగు చూడగానే ఒంట్లో ఎలా ఉందో పోల్చుకుంటుంది.

“తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మీ చెయ్యీ ఆ జాతేనండి. రేపు తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి, గుర్తుందా?”

గుండెకి ఆపరేషను. ఈ కారు కోసం ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు.

“ఉంది సుగుణా. ఇది తిన్నగా వెళ్తుందో లేదో చూసి వచ్చేస్తాను.”

“వెళ్ళకపోతేనో?”

ప్రభుదాసు ఇంకో ముద్ద కలిపాడు.

“ఎందుకెళ్ళలేదో చూడాలి కదా మరి.”

సుగుణకి నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. చేపముక్కలో ముల్లు తీసి అతని కంచంలో పెట్టింది.

రెండింటికి రాజకుమార్ వచ్చాడు. భోజనాల వేళ కైకలూరు రోడ్డు ఖాళీగా ఉంటుందని ఇద్దరూ అటు బయల్దేరారు. ఛాతీ పట్టేసినట్టుందని ప్రభుదాసు పక్కసీట్లో కూర్చుని, నట్టు కట్టిన దారాన్ని అద్దం చట్రానికి ముడేశాడు. కొల్లేటి చేపల చెరువులు మొదలయ్యాయి. రోడ్డు గీత గీసినట్టు ముందుకి పరుచుకుంది.

“ముప్పై దాటకండి. ఇప్పుడు చేతులొదలండి. నేను పట్టుకోండి అనేదాకా ముట్టుకోవద్దండి. కరెంటు స్తంభాలు లెక్కపెడతాను.”

రాజకుమార్ చేతులు తొడల మీద పెట్టుకున్నాడు.

“ఒకటి,” అన్నాడు ప్రభుదాసు. “రెండు. మూడు.” ఒక గుంటలో ఎడమ చక్రం పడి స్టీరింగు పక్కకి తిరిగింది. దానంతటదే వెనక్కొచ్చింది. “నాలుగు. అయిదు... వెళ్తోందండి బాబూ! తిన్నగా వెళ్తోంది!”

“ఎందుకు వెళ్తోందంటారు మేస్త్రీ గారూ?”

“వెనక్కి వాలినదాన్ని లాగితే వెంటే వస్తుందండి. అంతకు మించి నాకూ తెలీదు,” అని పిల్లాడిలా నవ్వాడు. “ఆరు. ఏడు.”

ఎనిమిదో స్తంభం దాటింది. తొమ్మిదోదీ దాటింది. మేస్త్రి ఆనందంలో లెక్క మర్చిపోయాడనుకున్నాడు రాజకుమార్. రోడ్డు మీంచి చూపు తిప్పడానికి ధైర్యం చాలలేదు. కారు మాత్రం గీత దాటలేదు.

“చూశారా? పది దాటేశాం!”

జవాబు రాలేదు. దూరంగా చేపల లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటూ ఎదురొస్తోంది. పట్టుకోండి అని ఎవరూ అనలేదు. రాజకుమార్ ఇంకొక్క క్షణం ఆగి, తనే స్టీరింగు పట్టుకుని, గట్టు వారకి తీసి ఆపాడు.

ప్రభుదాసు సీటుకి ఆనుకుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. ఒక కన్ను మూసి ఉంది, రెండోది రోడ్డు వంక చూస్తోంది.

“మేస్త్రీ గారూ,” అని భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. చెయ్యి పట్టుకుని నాడి వెతికి చూశాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక, సుగుణమ్మగారికి ఏమని చెప్పాలో తెలియక, ఆ చేతిని వదలకుండా అలాగే కూర్చుండిపోయాడు.

బ్రేకు వేసిన ఊపుకి అద్దం దగ్గర దారానికున్న నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఊగి ఊగి నెమ్మదించి, తిన్నగా నిలబడింది.