ఎల్లిరా అనని పూట

కృష్ణమూర్తి కారు పొద్దున్న ఒక్క తిప్పుకి స్టార్టయిన రోజు లేదు. చోకు లాగి, బోనెట్ మీద రెండు దెబ్బలేసి, లోపలికెళ్లి కాఫీ తాగొచ్చి మళ్లీ తాళం తిప్పితే అప్పుడు దగ్గేది. ఆయన అరకు కాఫీ తోటల్లో సూపర్‌వైజరు. ఆ రెండు తలుపుల చిన్న కారుని డెబ్బై ఒకటిలో, సీలేరు నుంచి బదిలీ అయి వెళ్లిపోతున్న ఓ ఇంజనీరు దగ్గర కొన్నాడు. పద్నాలుగేళ్లు తిప్పాడు. రిజిస్ట్రేషను పుస్తకంలో తెల్ల కారని రాసుండేది గానీ, ఎర్రమట్టి పట్టీ పట్టీ అది ఏ రంగో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆయన బయల్దేరే వేళకి భార్య గంగాభవాని గేటు దాకా వచ్చేది. మొగుడితో "ఎల్లిరండి" అనేది. తర్వాత మడ్‌గార్డు మీద చెయ్యేసి కారుతో "ఎల్లిరా అమ్మా" అనేది. మనం అందరం అనే మాటే కదా. గడప దాటే మనిషిని ఉత్తినే వెళ్లమనం, వెళ్లి రమ్మంటాం. అన్నవాళ్లూ విన్నవాళ్లూ ఆ మాటని పెద్దగా పట్టించుకోరు. కారు పట్టించుకునేది.

డెబ్బై ఆరు వానల్లో ముంచింగిపుట్టు సంతకి వెళ్లిన కృష్ణమూర్తికి అక్కడ చలిజ్వరం పట్టుకుంది. స్టీరింగు మీద తల వాల్చేశాడు. కారే వాగులు చూసుకుంటూ, మలుపుల్లో హారను కొట్టుకుంటూ ఆయన్ని ఇంటికి తెచ్చింది. గంగాభవాని మొగుణ్ని దింపుకుని పడుకోబెట్టి, బయటికొచ్చి రేడియేటర్లో నీళ్లు పోసింది. వీధిలోవాళ్లు జ్వరం ఎంతుందని అడిగారు తప్ప కారు సంగతి ఎవరూ అడగలేదు. అడగడానికేముంది, రమ్మంది, వచ్చింది.

చిక్కల్లా దాన్ని మార్చాల్సి వచ్చినప్పుడే మొదలైంది.

ఎనభై అయిదులో గంగాభవానికి గుండె జబ్బని తేలింది. బావి నుంచి బిందె తెస్తే నాలుగు చోట్ల దింపుకునేది. విశాఖపట్నంలో డాక్టరు కృష్ణమూర్తిని పక్కకి పిలిచి, "ఈసారి ఆయాసం ముదిరితే మూడు గంటల్లో ఇక్కడుండాలి. ఆలస్యమైతే మేం చేసేదేమీ ఉండదు" అన్నాడు. ఆ కారుకి ఆరు గంటలు పట్టేది. గాలికొండ ఎక్కేలోపు రెండుసార్లు ఆగి నీళ్లు తాగేది.

"మూడేళ్ల కిందటే మార్చీవలసింది బాబూ," అన్నాడు మల్లేశు. అరకు మొత్తానికి కార్లు బాగుచేసేవాడు అతనొక్కడే. "ఇంజను అరిగిపోనాది. నానేటి సెయ్యగలను? ఇది ఇచ్చీసి, కొత్తగా వొస్తన్న చిన్న కారు తెచ్చీసుకోండి."

పాతది ఇస్తేనే కొత్తది కొనగలిగే సంసారం. కృష్ణమూర్తి దాన్ని విశాఖపట్నం తీసుకెళ్లి కారు షాపులో అప్పగించి, కొత్తదానికి పేరు రాయించుకుని రైల్లో వచ్చాడు. తొమ్మిదో రోజు పొద్దున్న లేచేసరికి పాతది గేటు ముందుంది. ఫారెస్టు చెక్‌పోస్టులో కాపలావాడు దానికోసం అడ్డకర్ర కూడా ఎత్తాట్ట.

"నువ్వేమైనా అన్నావా?" అని అడిగాడు కృష్ణమూర్తి.

"మీరు తీసుకెల్తంటే అలవాటుగా ఎల్లిరా అనీసినాను," అంది గంగాభవాని. "నోరు ఊరుకుంటదేటి?"

వారానికి షాపు నుంచి ఉత్తరం వచ్చింది. తమరి వాహనము తమరి ఇంటికి చేరినట్లు తెలిసినదనీ, అది ఇక తిరిగి రాదని రూఢి అయితేనే కొత్తది ఇవ్వగలమనీ మర్యాదగానే రాశారు. వాళ్లనీ తప్పు పట్టలేం.

కాబట్టి దాన్ని ఎవరో ఒకరు "పో" అనాలి. గంగాభవాని తన వల్ల కాదని ముందే చెప్పేసింది. "పద్నాలుగేళ్లు మిమ్మల్ని బద్రంగా ఇంటికి తెచ్చింది. దాన్ని పట్టుకుని పొమ్మంటానా? మీరే అనండి."

కృష్ణమూర్తి వల్లా కాలేదు. గేటు దగ్గరికొచ్చిన వీధికుక్కని కూడా 'తర్వాత రా' అని పంపే మనిషి. అలాంటివాడు తోటలో సాధన మొదలుపెట్టాడు. కాఫీ మొక్కల మధ్య నిలబడి కాకుల్ని పో అన్నాడు, మేకల్ని పో అన్నాడు. తోటలో మిరియం తీగలు కట్టే కూలీ సోంబరు, చెట్టు మీంచి ఓ రోజంతా విన్నాడు.

"ఎవుల్ని పొమ్మంతన్నావు బాబూ?"

"కారుని."

"అలగంటే ఎల్దు. నీకే పంపాలని లేదు. కడుపులోంచి రావాల," అని సోంబరు మళ్లీ తీగ కట్టుకున్నాడు.

కృష్ణమూర్తికి భయంగా ఉండేది. పక్కన పెళ్లాం ఎగశ్వాస పీలుస్తుంటే విశాఖపట్నానికి ఎన్ని గంటలని లెక్కపెట్టుకునేవాడు. మూడేళ్ల కిందటే మార్చాల్సింది, తన మెతకదనమే గంగాభవానిని చంపేస్తుందని తనని తాను తిట్టుకునేవాడు. నెల రోజులు పో, పో అనుకుంటూ తిరిగాడు. చివరికి ఓ గురువారం ఖాయం చేసుకున్నారు. మల్లేశు పాతదాన్ని విశాఖపట్నం దింపి, షాపులో ఇచ్చి, కొత్తది తేవాలి. బయల్దేరేటప్పుడు కృష్ణమూర్తి ఆ మాట అనాలి.

గురువారం ఏడింటికి మల్లేశు వచ్చాడు. కృష్ణమూర్తి గేటు దగ్గర గొంతు సవరించుకుంటున్నాడు. వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడైంది.

వెళ్లి చూస్తే గంగాభవాని గోడకి చేరగిలబడి నోటితో గాలి అందుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. పక్కింటి నర్సు సత్యకుమారి పరుగున వచ్చి ఇంజక్షనిచ్చింది. "ఇక్కడ ఇంతేనండి. బేగి కిందికి దింపాల," అంది. ఆస్పత్రి జీపు ఏదో క్యాంపుకి వెళ్లిపోయింది. బస్సు పది దాటితే గానీ లేదు. ఉన్నది ఆ కారే.

మల్లేశు ముందు సీటు విప్పి పక్కన పడేశాడు. గంగాభవానిని పొడుగ్గా పడుకోబెట్టారు. నర్సు వెనక కూర్చుని తల ఒళ్లో పెట్టుకుంది. కృష్ణమూర్తి ఎక్కబోతే మల్లేశు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకోరెక్కితే గాలికొండ ఎక్కదు బాబూ. మీరు మద్దేనం పాసింజరుకి వొచ్చీండి."

అది నిజమే. కృష్ణమూర్తి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. గంగాభవాని ఆయన వంక చూసింది, పెదాలు కదిపింది గానీ మాట రాలేదు. ఆవేళ ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

"పో మల్లేశూ. బేగి పో. పో," అన్నాడు కృష్ణమూర్తి.

కడుపులోంచే వచ్చింది.

కారు మలుపు దాకా వెళ్లాక గానీ తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. తెలిశాక చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. "ఎల్లిరా, ఎల్లిరా" అని అరుస్తూనే పరిగెత్తాడు. రోడ్డు మీద ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు.

ఆ ప్రయాణం గురించి సత్యకుమారి తర్వాత చెప్పింది. కారు ఎక్కడా ఆగలేదట, నీళ్లడగలేదట, గాలికొండ మూడో గేర్లో ఎక్కిందట. రెండున్నర గంటల్లో విశాఖపట్నంలో ఉన్నారు. ఇంకో అరగంట దాటుంటే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. స్ట్రెచరు వెంట లోపలికెళ్లిన మల్లేశు తిరిగొచ్చేసరికి కారు లేదు. బయట పల్లీలమ్మే ఆవిడ సముద్రం వైపు చెయ్యి చూపించి, "అటెల్లిపోనాది" అంది. అది మళ్లీ ఎవరికీ కనపడలేదు. తిరిగి రాదని రూఢి అయింది కాబట్టి షాపువాళ్లు మాట ప్రకారం కొత్త కారు ఇచ్చేశారు.

మూడు వారాలకి గంగాభవాని కోలుకుంది. కృష్ణమూర్తి కొత్త ఎర్ర కారులో పెళ్లాన్ని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాడు. ఘాట్ రోడ్డు మధ్యలో, టైడా దగ్గర కారు ఆగిపోయింది. పెట్రోలుంది, నీళ్లున్నాయి. కిందికి తిప్పితే స్టార్టవుతుంది, పైకి తిప్పితే ఆగుతుంది. ఆవిడ దిగితే పైకీ ఎక్కుతుంది. బస్సెక్కించాడు, బస్సూ అక్కడే ఆగింది. పాసింజరు ఎక్కిస్తే టైడా స్టేషన్లో రైలు గంటన్నర నిలబడింది. స్టేషను మాస్టరు కుర్చీ తెప్పించి, "దిగండమ్మా, మిగతావాళ్లు వెళ్లాలి కదా" అన్నాడు. ఆవిడ దిగింది, రైలు కదిలింది.

అరకులో సోంబరు ఇదంతా విని తలాడించాడు. "పొమ్మంటే కారొక్కటే ఇనదు బాబూ. లోపలున్నోలూ ఇంతారు."

కృష్ణమూర్తి మళ్లీ టైడా వచ్చి ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ ఏడ్చాడు. "నా నోటితో నేనే నిన్ను పొమ్మన్నాను," అన్నాడు.

"మీరనకపోతే నాను సచ్చిపోదును," అంది గంగాభవాని. "ఊరుకోండి. అందరూ సూత్తన్నారు."

ఆవిడ శృంగవరపుకోటలో చెల్లెలు రత్నాలు ఇంట్లో ఉండిపోయింది. ప్రతి ఆదివారం ఆవిడ రైల్లో టైడా దాకా వచ్చేది, అంతకంటే పైకి రాలేదు. ఆయన అరకు నుంచి కారులో దిగేవాడు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని కారియరు విప్పుకుని తినేవాళ్లు. పెరట్లో చిక్కుడు పాదు కాసిందా, బావిగిలక కిర్రుమంటోందా అని ఆవిడ అన్నీ అడిగేది. వెళ్లే వేళకి "ఎల్లిరండి" అనేది. ఆయనకి మాత్రం ఏ మాట అనాలన్నా భయమే. చెయ్యి ఎత్తి ఊరుకునేవాడు. అలా ఏడాది గడిచింది.

ఓ ఆదివారం ముసురు పట్టింది. గంగాభవాని కారు దాకా వచ్చి, ఎందుకో ఆవేళ మామూలు మాట అనలేదు. కొత్త కారు మడ్‌గార్డు మీద చెయ్యేసి, ఆయన వంక చూసి, "బేగొచ్చీండి" అంది.

మొదటి మలుపులో కారు వెనక్కి తిరిగింది. కృష్ణమూర్తి స్టీరింగు పైకి తిప్పాడు. అది మళ్లీ తిరిగింది. పొద్దున్నే తోటలో లెక్క చూడాలి, కాయ కోతకి కూలీలొస్తారు, ఇంటి తాళం తన జేబులో ఉంది. మూడోసారి తిరిగినప్పుడు ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు.

ఆవిడ ఇంకా బల్ల మీదే ఉంది. రైలు రాలేదు.

"ఏటి, ఏటైనా మర్సిపోనారేటి?"

"బేగి రమ్మన్నావు కదా," అన్నాడు కృష్ణమూర్తి.

ఆ తర్వాత ఆయన్నెక్కించుకుని కారు గానీ, బస్సు గానీ, రైలు గానీ టైడా దాటి పైకి వెళ్లలేదు. ఉద్యోగం పోయింది. టైడా స్టేషను వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. తాళం పంపిస్తే, అరకు ఇంట్లో సోంబరు దీపం పెడుతున్నాడు. కృష్ణమూర్తి రోజూ సాయంత్రం కారు మొహం కొండవైపు పెట్టి ఆపుతాడు. పొద్దున్న లేచేసరికి అది కిందికి తిరిగి ఉంటుంది. గంగాభవాని బయటికొస్తుంది. కొంగుతో అద్దం మీద మంచు తుడిచి, రేడియేటర్లో నీళ్లు చూస్తుంది.