గీత దాకా నీళ్లు

స్టీలు గ్లాసు లోపల మేకుతో గీసిన గీత దాకానే నీళ్లు, అంతకు మించి చుక్క పోయలేదు తను, డయాలసిస్ మనిషికి నీళ్లే విషమన్నారు కదా, అందుకే కుండకి మూతపెట్టి దాని మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించాడు ఏలీయా, పెళ్లాం రాహేలు ఎత్తలేదని తెలిసే ఎక్కించాడు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆమెని హంసలదీవి నుంచి బందరు తీసుకొచ్చి కాటా ఎక్కిస్తే యాభై రెండు కిలోలు, యాభై, నలభై ఏడు, చూశావా నా కట్టడి అన్నాడు నర్సు షీబాతో, నోరు విప్పడమే అరుదైన మనిషి, ఆ ఒక్కమాట గొప్పగా అన్నాడు, మంచిదే తాతగారూ, నీరు దిగుతోంది, అంది షీబా, నీరు కాదట, కరిగింది కండట, ఇప్పుడు డాక్టరు పూర్ణిమగారు చెబుతోంది, బెజవాడలో తీయించిన స్కానింగు తెరమీద పెట్టి, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగానే ఉంది, కళ్లెలోనూ ఏమీ లేదు, కిడ్నీలు పోయినవాళ్లలో టీబీ దగ్గు కూడా లేకుండా దాక్కుంటుందండీ, ఇదుగో వెన్నుపక్క గడ్డలు, ఎలా వెలుగుతున్నాయో చూడండి, వేటకెళ్లిన పడవల దీపాల్లా ఉన్నాయి ఏలీయాకి, క్యాన్సరైనా ఇలాగే వెలుగుతుందండీ, గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపితే జవాబుకి పదిహేను రోజులు, ఈమెకి అంత టైము లేదు, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందని తెలిస్తే ఇవాళే మాత్రలు మొదలెడతాను, వచ్చిందా తాతగారూ.

వచ్చింది, ఇరవై ఏళ్ల కింద, సముద్రపు గాలికి తలుపు మూసుకుని ఇద్దరూ పడుకునే ఆ ఒంటిగదిలో, తన దగ్గు, తన తువ్వాలు మీద నెత్తురు, అవనిగడ్డ ఆసుపత్రిలో ఇచ్చిన టీబీ మాత్రలకి ఉచ్చ ఎర్రగా పోస్తుంటే పడవలో వాళ్లు చూసి, ఏం మావా, లోపల పీతలు కొరుకుతున్నాయా అని నవ్వితే రెండో నెలకే మాత్రలు కాలవలో పారేశాడు, ఎవరితోనన్నా అన్నావో అని రాహేలు జుట్టు పట్టుకున్నాడు, ఇంకేమీ అనలేదు, అనక్కర్లేకపోయింది, మొన్న సాయంత్రం జ్వరంగా ఉందయ్యా అని ఆమె అంటే నీళ్లకోసం వేషాలా అన్నాడు.

తను జవాబు చెప్పేలోపే మంచం మీంచి రాహేలు, మా ఇంట్లో ఎవరికీ రాలేదమ్మా, ప్రభువు మీద ఒట్టు అంది, ఒట్టేయడమే పాపమనే మనిషి, నా పరువు కాస్తోంది, ఎంత ప్రేమో అనుకున్నాడు ఏలీయా, తెరిచిన నోరు మూసుకున్నాడు, డాక్టరు కాగితం మీద లేదని రాసుకుని వెళ్లిపోయింది, ఏమయ్యా, ఒక్క గుక్క తాగనా, అంది రాహేలు, డాక్టరునీ నర్సునీ కాదు తననే అడిగింది, అడుగుతూ చెయ్యి జుట్టుకి అడ్డం పెట్టుకుంది, ఆనాడు తను పట్టుకున్నచోటే, ఏలీయా వెంట తెచ్చిన ఆ గ్లాసులోకి నీళ్లు వంచాడు, చెయ్యి దానంతటదే గీత దగ్గర ఆగింది, అప్పుడు తెలిసింది, చావుకన్నా తనకే రాహేలు ఎక్కువ భయపడుతోందని.