కాజాతో చెప్పిన మాటలు

ఇడ్లీ పెడితే పైన చట్నీ నాకేసి, ఇడ్లీని నోట కరుచుకెళ్ళి ఏ క్రోటన్ కుండీలోనో పాతిపెట్టే కుక్క ఇంకెక్కడైనా ఉంటుందా, వానంటే వణికిపోతుంది గానీ మొక్కలకి పైపుతో నీళ్ళు కొడుతుంటే వచ్చి కింద నిలబడుతుంది, ఇప్పుడివన్నీ ఎందుకు గుర్తొస్తున్నాయో, కొంచెం తొందరగా పోనివ్వండి అని బండి వెనక కూర్చుని ఆయన వీపు తడుతున్నాను, వెళ్తున్నాను హారతీ అంటున్నారు, పంతొమ్మిది రోజుల తర్వాత ఆయన నోట నా పేరు, దానికి మురిసిపోయే తీరిక కూడా లేదు, కడియం దాటాం, రావులపాలెం ఇంకా ఎంత దూరమో, అక్కడ టీ కొట్టు దగ్గర లారీ ఆపి డ్రైవర్ చిట్టియ్య ఫోన్ చేశాడు, అమ్మగారండీ, మీ కాజా నా లోడులో ఉందండి, మొక్కల మధ్య చల్లగా పడుకుందండి, దింపుదామంటే పళ్ళు చూపిస్తందండి.

ఇలాంటి లోడులోనే పోయింది నా గులాబీ, నా చేత్తో మొట్టమొదట అంటుకట్టి బతికించుకున్న మొక్క, నన్నొక్క మాట అడక్కుండా ఎక్కించేశారు, ఏదండీ అంటే, మొక్కే కదా, నర్సరీ పెట్టి అమ్మకుండా దాచుకుంటామా అన్నారు, ఆ రోజుతో మాటలు మానేశాను, కానీ ఇంట్లో ఉన్నది ఇద్దరం, గ్యాస్ అయిపోయినా చెప్పాలి కదా, అందుకని కాజాతో చెప్పేదాన్ని, కాజా, అన్నం చల్లారిపోతోందని మీ నాన్నగారికి చెప్పమ్మా, ఆయనా అంతే, కాజా, నేను మండపేట వెళ్ళొస్తానని మీ అమ్మకి చెప్పరా, అది మధ్యలో కూర్చుని, ఒక చెవి నిలబెట్టి ఒకటి వాల్చి, ఎవరు మాట్లాడితే వాళ్ళవైపు మెడ తిప్పేది, ఈ పొద్దున ఉప్పు తెమ్మని చెప్పు అనబోయి తిరిగితే కాజా లేదు, పెరట్లో లేదు, మోటారు గదిలో లేదు, ఏమండీ, కాజా కనిపించట్లేదండీ అని అరిచేశాను, ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చారు.

లారీ మీంచి మమ్మల్ని చూసి తీరిగ్గా ఆవులించింది, తర్వాత ఒక్క ఉదుటున ఆయన మీదికి దూకింది, దాని మెడలో మొహం పెట్టుకుని ఎంతకీ తలెత్తలేదు ఆయన, చిట్టియ్య నవ్వుతూ, చంటిపిల్ల తప్పిపోయినట్టు కంగారుపడ్డారండి జానకిరామ్‌గారూ అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కాజా మా ఇద్దరి మధ్య, దాని వెచ్చటి పొట్ట నా చేతుల కింద, వంతెన మీద గోదావరి గాలికి మూతి ఎత్తి కళ్ళు మూసుకుంది, ఆయన వెనక్కి తిరక్కుండానే, కాజా, ఆ గులాబీ విషయంలో తప్పు నాదేనని మీ అమ్మకి చెప్పరా, ఆ సాయంత్రమే తెలిసింది, చెప్పడం చేతకాలేదు అన్నారు, కాజా ఎక్కడ వింటోంది, నాకే చెప్పండి అన్నాను, నీకే హారతీ, ఇన్నాళ్ళూ నీకే అన్నారు, నిజమే, నేనూ ఆయనకే చెప్పాను, ఎంత కోపమున్నా కాజాతో అనే మాట గట్టిగా రాదు, అమ్మా అనో రా అనో మెత్తబడిపోతుంది, పెళ్ళయిన పదకొండేళ్ళలో ఒకరితో ఒకరం అంత మెత్తగా మాట్లాడుకున్నది మాటల్లేవనుకున్న ఈ పంతొమ్మిది రోజుల్లోనే.