బీపీ లేనిదాని గోళి

పొద్దున చాయ్ తాగాక గాలయ్య కుర్చీలోంచి లేవకుండానే కుడిచేయి చాపుతాడు. ఆ చేతిలో బీపీ గోళి పెట్టాలి, ఎడమచేతికి నీళ్ల గ్లాసు అందించాలి. పద్నాలుగేళ్లుగా అది అమృతమ్మ పని. గోళీల డబ్బా ఆయన తల వెనక అల్మారాలోనే ఉంటుంది. చేయి వెనక్కి పెడితే అందుతుంది. కానీ ఆ చేతికి ముందుకు చాపడమే అలవాటు.

అమృతమ్మకు షుగరు. తిరుమలగిరి బడిలో రెండు వందల మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. నిరుడు దసరా అయ్యాక సర్కారు దవాఖానలో డాక్టర్ శ్రీదేవి మూత్రం పరీక్ష చేయించింది. మూత్రంలో ప్రోటీన్ పోతోందని, షుగరు కిడ్నీల మీద పడుతోందని చెప్పి రోజుకో గోళి రాసింది.

"ఇది బీపీ గోళే. నీకు బీపీ లేకున్నా కిడ్నీలను కాపాడతది. ఒక్క రోజు గూడ తప్పొద్దమ్మా" అంది.

అదే నెలలో దవాఖానలో కొత్త పద్ధతి వచ్చింది. ఎవరి గోళీలకు వాళ్లే రావాలి, బీపీ చూశాకే ఇస్తారు. అంతవరకూ మొగుడి దవాఖాన పుస్తకం కూడా చంకలో పెట్టుకొని, గోళీలిచ్చే శుక్రవారం లైన్లో నిలబడింది అమృతమ్మే. మండలాఫీసు అటెండరైన తను అందరి మధ్య నిలబడితే ఇజ్జత్ ఏం కావాలి? గాలయ్య పోలేదు. ఆయన గోళీలు అయిపోయాయి. డబ్బాలో ఆమెవి కనిపించాయి. పేరు వేరైనా బీపీ గోళే కదా అనుకున్నాడు.

"బీపీ లేనిదానికి బీపీ గోళెందుకే? ఊకెనే పాడైతయి. ఇటు తే" అన్నాడు.

మగోడు పడితే ఇల్లు పడుతుందని అత్త పక్కనుంచి అందుకుంది. ఆడది పడితే ఏం పడుతుందో ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. అమృతమ్మ ఇచ్చింది. తన కిడ్నీల గోళిని తన వేళ్లతోనే తీసి, ఆరు నెలలు, రోజూ ఆయన అరచేతిలో పెట్టింది. అది తలుచుకుంటే ఆమెకు మొగుడి మీద కంటే తన మీదే ఎక్కువ మండుతుంది.

నిన్న గురువారం, ఇంటాయనను వెంట తెమ్మని డాక్టరమ్మ కబురు పెడితే ఇద్దరూ పోయారు. బయట ముసలివాళ్లు వరసలో కూర్చున్నా గాలయ్య ఆఫీసు పేరు చెప్పి నేరుగా లోపలికి నడిచాడు. డాక్టరమ్మ కొత్త మూత్రం పరీక్ష కాగితం చూసి ముఖం చిట్లించింది. ప్రోటీన్ రెండింతలయింది. గోళి వేసుకోవడం లేదా అని అడిగింది.

అమృతమ్మ నోరు తెరిచేలోపే గాలయ్య నవ్వాడు. "దీనికి మతిమరుపు మేడం. రోజూ చెప్త, ఇనదు."

మతిమరుపు! రెండు వందల మంది అన్నానికి ఉప్పెంతో చేతికి తెలిసిన మనిషికి. అత్త కంట్లో చుక్కలు ఏ పూట ఎన్నో, ఈయన అంగీ గుండీ ఏది ఊడిందో, ఏ రోజు నీళ్లొస్తాయో, అన్నీ ఈ తలలోనే ఉన్నాయి. పద్నాలుగేళ్లలో ఆయన గోళి ఒక్కపూట తప్పలేదు, జ్వరంతో లేవలేని రోజు కూడా. ఇంటిల్లిపాది మతి తను మోస్తుంటే తనకే మతిమరుపట. డాక్టరమ్మ కూడా నమ్మినట్టే ఉంది. నీ ఒళ్లు నువ్వే చూసుకోకపోతే ఎట్లమ్మా అని కోప్పడుతోంది. అమృతమ్మకు ఒళ్లంతా భగ్గుమంది.

"నాకు మతిమరుపు లేదు మేడం. నా గోళీలు ఈయనే మింగిండు. నేనే చేతుల పెట్టి ఇచ్చిన."

 డాక్టరమ్మ లేచి కొత్త గోళీల పట్టీ తెచ్చి అమృతమ్మ చేతిలోనే పెట్టింది. రేపే శుక్రవారమని, తన గోళీలకు తనే రావాలని గాలయ్యకు గట్టిగా చెప్పింది. బండి మీద ఇల్లు చేరేదాకా ఆయన ఇజ్జత్ తీశావని తిడుతూనే ఉన్నాడు. వెనక కూర్చున్న అమృతమ్మ పట్టీని పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

తెల్లారింది. చాయ్ తాగి గాలయ్య ఎప్పటిలాగే చేయి చాపాడు. అమృతమ్మ పట్టీలోంచి గోళి తీసి, ఆయన చూస్తుండగా తన నోట్లో వేసుకుంది. గ్లాసెడు నీళ్లూ తాగేసింది. ఇంకా చాపి ఉన్న ఆ చేతిలో ఖాళీ గ్లాసు పెట్టింది.

"జల్ది పో. ఆడ లైన్ పెద్దగుంటది" అంది.