పాలసొర కరువాడు

పంకజాక్షికి కాన్పయి ఇరవై రెండు రోజులైంది. బిడ్డ పుట్టినప్పటికంటే పలచబడింది. ఆసుపత్రిలో నర్సమ్మ తూకం వేసి, తల్లికి పాలు చాలడం లేదని చెప్పి పంపింది. అది డెబ్బై ఎనిమిది ఎండాకాలం.

పాలెందుకు చాలవో అత్త కుప్పమ్మకు తెలుసు. కోడలి పుట్టింటి వాళ్ల ఒళ్లే అంత. మందు కూడా తెలుసు. పాలసొర చేప పెడితే బండరాతికైనా పాలు పడతాయి. అయితే చిత్తూరులో సముద్రం లేదు. అందుకని మద్రాసులో ఉన్న చిన్నకొడుకు దామోదరానికి కార్డు రాయించింది.

దామోదరానిది చేపల సర్వే పడవలో ఉద్యోగం. ఏ చేప ఎన్ని బారల లోతులో తిరుగుతుందో, ఏం తింటుందో, ఎప్పుడు పిల్లలు పెడుతుందో రాసుకుని, వలేసుకుని పోతే గిట్టుతుందా లేదా తేల్చడం అతని పని. అంత చదివి చేపల కడుపులు కోస్తున్నాడని కుప్పమ్మ వీధిలో ఎవరికీ చెప్పలేదు.

నాలుగోనాడు దిగాడు. పచ్చి చేపతో ఎక్కితే కండక్టరు దించేస్తాడని, ఉప్పేసి ఎండబెట్టిన కరువాడు తెచ్చాడు. మూడు పేపర్లు చుట్టినా బస్సులో పక్క సీటు ఖాళీగానే వచ్చిందట.

దీనితో నిజంగా పాలు పడతాయా అని పంకజాక్షి గదిలోంచే అడిగింది.

"దానికే పాలు లేవు వదినా," అన్నాడు దామోదరం. "గుడ్లు పెట్టదు. మన మాదిరే బొడ్డుతాడుతో బిడ్డల్ని కంటాది. పుట్టిన పిల్ల దాని పాటికి అది వేటకు పోతాది."

ఆ తల్లి చేప మీద పంకజాక్షికి కొంచెం కుళ్లు పుట్టింది.

"ఊరుకోరా," అంది కుప్పమ్మ. "అంత తెలిసినోడివి, నువ్వు ఎవురికన్నా పాలిచ్చినావా?"

దామోదరం ఊరుకోలేదు. ఇసక నేల ఉన్నచోటల్లా ఇది దొరుకుతుందనీ, చిన్న పడవలకు గిట్టుబాటేననీ, అయితే కాన్పుకు నాలుగైదు పిల్లలే గనక జిల్లాలో అత్తలందరూ కార్డులు రాస్తే అయిదేళ్లలో వలకు ఇసకే వస్తుందనీ చెప్పి అన్నానికి కూర్చున్నాడు.

ఆ ఇంట్లో బాలింత పత్యం గట్టిది. పొడి అన్నం, పూటకు అరగ్లాసు వేన్నీళ్లు. తల్లి నీళ్లు తాగితే బిడ్డకు పడిశం పడుతుంది. ఎదురు చెప్పాలంటే పంకజాక్షికి అత్త భయం ఒకటి, నిజంగానే పడిశం పడితే అన్న భయం ఇంకొకటి.

కరువాడును ఎవరైనా బియ్యం కడుగునీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి వండుతారు. నానబెడితే పాలగుణం నీళ్లలో పోతుందని కుప్పమ్మ ఆ ఉప్పుతోనే పులుసు పెట్టింది. పంకజాక్షి తిన్నది. గంటకల్లా నాలుక అంగిలికి అతుక్కుంది. అరగ్లాసు తాగి ఇంకా అడిగింది. అడగడం అదే మొదలు. కుప్పమ్మ నమ్మక తానొక తునక నోట్లో వేసుకుని, రెండు చెంబులు తాగి, మూడో చెంబు కోడలికిచ్చింది.

"తాగు. ఇది నీళ్లు కాదు, చేపకు విరుగుడు."

సాయంత్రానికి నీళ్లకుండ అయిపోయింది. మర్నాడూ అంతే. మూడోనాడు బిడ్డ కడుపునిండా తాగి, ఎత్తుకున్నా లేవకుండా నిద్రపోయింది. పంకజాక్షి రవికె తడిసిపోయింది. బిడ్డకు పడిశం పడలేదు. కుప్పమ్మ వీధంతా తిరిగి చేప గొప్ప చెప్పివచ్చింది. దామోదరం కుండలోకి చూసి ఏదో అనబోయాడు. పంకజాక్షి అతని వైపు చూసింది. మానుకున్నాడు.

పాలు పడినాయి గదా, రేపటినుంచి మళ్లీ పత్యమేనంది కుప్పమ్మ.

"చేప ఇంగా ఒంటికి పట్టలేదత్తా," అంది పంకజాక్షి. "ఇంగా రెండు నెలలన్నా తినాల."

కుప్పమ్మ ఆలోచించి, సరేనంది. దామోదరం బస్సుకు బయల్దేరితే పంకజాక్షి బిడ్డనెత్తుకుని వాకిలిదాకా వచ్చింది.

"చేప ఏదైనా సరే," అంది మెల్లగా. "ఉప్పు మాత్రం బాగా పట్టిందే చూసి పంపించు."